చాక్లెట్ మారలేదు, నువ్వే పెద్దయ్యావ్.. అంటే నేనొప్పుకోను

పోయిన వారం మా టీంలో ఒకడు ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చాడు. ఆనవాయితీ ప్రకారం "నా డెస్కు దగ్గర చాక్లెట్లున్నాయి" అని అందరికీ మెయిలు కొట్టాడు. పది నిమిషాల్లో డబ్బా ఖాళీ. తింటూ తింటూ మాటలు చిన్నప్పటి చాక్లెట్ల మీదకెళ్ళాయి. మహాలాక్టో, ఆశా, కిస్మీ, కాఫీ బైట్, పాన్ పసంద్.. తలా ఒక పేరు చెప్పారు. అప్పటి రుచి ఇప్పుడొచ్చేవాటికి లేదని నేనన్నాను. దానికి మా లీడుగారు సెలవిచ్చారు కదా.. "చాక్లెట్ ఏం మారలేదయ్యా, నువ్వే పెద్దయ్యావ్" అని.

అందరూ నవ్వేసి ఎవరి సీట్లకు వాళ్ళెళ్ళిపోయారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఈ ఒక్క డైలాగు కంపెనీలకి చేసినంత మేలు వాళ్ళ యాడ్లు కూడా చేసుండవు.

ఆయన మాటలో సగం నిజముంది, కాదనను. జెండావందనం రోజు బళ్ళో ఇచ్చిన ఒక్క చాక్లెట్‌ని చొక్కా అంచులో పెట్టి కొరికి, కాకెంగిలి చేసి పక్కవాడితో పంచుకున్న రుచి ఇప్పుడెక్కడినుంచి వస్తుంది? ఆ ఆకలి లేదు, ఆ పక్కవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీదు. దానికి ఏ కంపెనీనీ తిట్టను.

పోయినవాటి మీదా నాకు కోపం లేదు. న్యూట్రిన్ మన చిత్తూరు కంపెనీ, 1952లో పుట్టింది. 2006లో గోద్రెజ్ వాళ్ళ చేతికి, అక్కడి నుంచి 2012కల్లా పూర్తిగా అమెరికా హెర్షీ చేతికి వెళ్ళింది. బాధేస్తుంది, కానీ వ్యాపారమన్నాక అమ్ముకుంటారు, కొనుక్కుంటారు. పార్లే వాళ్ళు 2006 ప్రాంతంలో రోలాకోలా ఆపేసారు. జనం ట్విట్టర్లో గోల చేస్తే 2019లో మళ్ళీ తెచ్చారు. ఇవన్నీ బాహాటంగా జరిగినవే.

నా గొడవల్లా పోకుండా, అదే పేరుతో, అదే రంగు రేపర్లో కూర్చుని, లోపల మారిపోయినవాటితోనే.

ఈసారి కొన్నప్పుడు రేపర్ వెనక్కి తిప్పి చూడండి. చాక్లెట్‌లో ఉండాల్సిన కొవ్వు కోకో బటర్. అది మన ఒంటి వేడికి కాస్త తక్కువలోనే కరుగుతుంది, అందుకే నోట్లో పెట్టుకోగానే వెన్నలా జారిపోతుంది. దాని ధర ఎక్కువ. కాబట్టి దాని బదులు పామాయిలు జాతి కొవ్వులు కలుపుతారు. వాటిల్లో చాలా రకాలు నోటి వేడికి పూర్తిగా కరగవు. తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టు మిగిలేది అదే. మన దేశపు నిబంధనల ప్రకారం ఇలాంటి వేరే కొవ్వు 5 శాతం దాకా కలిపి కూడా చాక్లెట్ అనే అమ్మొచ్చు, కాకపోతే ఆ సంగతి రేపర్ మీద వెయ్యాలి. అంతకు మించితే చాక్లెట్ అనకూడదు. అందుకే "చాకో" అనీ, "కాంపౌండ్" అనీ నానా పేర్లు. మన నాలుక అబద్ధం చెప్పట్లేదండీ, మనమే దాని మాట నమ్మట్లేదు.

"కోకో రేటు పెరిగింది, వాళ్ళేం చేస్తారు పాపం?" అంటారు. పెరిగిన మాట నిజమే. 2024 డిసెంబర్లో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12,000 డాలర్లు దాటింది. 2025 చివరికి దాదాపు సగానికి పడిపోయింది కూడా. రేటు పెరిగినప్పుడు తగ్గించిన గ్రాములు, పడిపోయాక తిరిగొచ్చిన దాఖలా నాకైతే కనబడలేదు. పోనీ రైతుకేమైనా మిగిలిందా? దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే. ఏలూరు, పశ్చిమగోదావరి వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. ఆ రైతులు 2025లో గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కారు. తినేవాడికి తగ్గింది, పండించేవాడికీ దక్కలేదు.

మన భాషలో చెప్పాలంటే.. ఫంక్షన్ పేరు అదే, వెర్షన్ నంబరు అదే, లోపల కోడు మాత్రం మొత్తం మార్చేసి, రిలీజ్ నోట్‌లో ఒక్క ముక్క రాయకుండా ప్రొడక్షన్లోకి తోసేసారన్నమాట. అలా చేసినవాణ్ణి మన టీంలో ఊరుకుంటామా? అర్ధరాత్రి కాల్ పెట్టి మరీ కడిగేస్తాం. అదే చాక్లెట్ దగ్గరకొచ్చేసరికి "నేనే పెద్దయ్యాను" అని మన మీద మనమే బగ్ వేసుకుని క్లోజ్ చేసేస్తాం :)

అడిగితే అవుతుందా? అయ్యింది. 2009లో న్యూజిలాండ్‌లో క్యాడ్‌బరీ వాళ్ళు డైరీమిల్క్‌లో కొంత కోకో బటర్ తీసి పామాయిలు కలిపారు. జనం పట్టుకున్నారు, గొడవ చేసారు. కొద్దినెలల్లోనే కంపెనీ దిగొచ్చి, క్షమించమని, పాత పద్ధతికి వెళ్ళింది. ఆ దేశపు జనాభా మన హైదరాబాద్ జనాభా అంత కూడా ఉండదు. ఫ్రాన్స్‌లో అయితే 2024 జులై నుంచి, ధర తగ్గించకుండా బరువు తగ్గించిన సరుకు పక్కన పెద్ద దుకాణాలవాళ్ళు రెండు నెలలపాటు బోర్డు పెట్టి తీరాలి.

నేనడిగేది కూడా అంతే. పాత ఫార్ములానే వాడమని అనట్లేదు. మార్చుకోండి, రేటు పెంచుకోండి. కానీ మార్చిన ఆర్నెల్లపాటు రేపర్ ముందు భాగంలో "ఇంతకుముందు ఇన్ని గ్రాములు, ఇప్పుడిన్ని; ఇంతకుముందు ఈ కొవ్వు, ఇప్పుడీ కొవ్వు" అని తెలుగులో, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో వెయ్యండి. ఇష్టమైనవాళ్ళు కొంటారు, లేనివాళ్ళు మానేస్తారు.

ఇదంతా నా జ్ఞాపకాల కోసం కాదు. నా రుచి నాకు గుర్తుంది, అదెవరూ మార్చలేరు. మా అక్క కూతురికి ఆరేళ్ళు. అది చాక్లెట్ అనుకుని తింటున్నది కాంపౌండ్. దానికి పోల్చుకోడానికి పాతది లేదు. ఇరవయ్యేళ్ళ తర్వాత అది కూడా "చిన్నప్పటి రుచి లేదు" అంటుంది, అప్పటికి ఆ మైనం కూడా ఇంకేదో అయ్యుంటుంది. పక్కసీట్లోంచి ఓ లీడుగారు "నువ్వే పెద్దయ్యావమ్మా" అంటారు.

మొన్న దానికో అయిదు రూపాయలది కొనిచ్చి కాకెంగిలి నేర్పిద్దామనుకున్నా. గౌను అంచులో పెట్టుకుని కొరికింది. అవతలి ముక్క నా చేతికొచ్చేంత కూడా లేదు.