జలదారి మూసికొనిన వేళ



ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు మనము వారికి ముంగిలిని జూపుదుము, దేవునిగదిని జూపుదుము, క్రొత్తగా కట్టించిన వంటయింటిని జూపి సంతోషింతుము. జలదారిని మాత్రము ఎవ్వరికిని జూపము. అయినను ఒక గృహము యొక్క శుభ్రత నెఱుగవలెనన్న ముందుగా చూడవలసినది దానినే. నీరు ఇంటిలోనికి వచ్చు దారి యెంత ముఖ్యమో, పోవు దారియు అంత ముఖ్యము. ఈ మాసము దీనిని గూర్చి వ్రాయుటకు కలకడనుండి ఒక సోదరి వ్రాసిన జాబు కారణమైనది. ఆమె యిట్లు వ్రాసినది:

"మా వంటయింటి తొట్టిలోని నీరు దిగుటకు చాలసేపు పట్టుచున్నది. స్నానపుగది తూములో గుడగుడమను చప్పుడును, దుర్గంధమును కలుగుచున్నవి. అంగడినుండి ఏదో పొడి తెచ్చి పోసితిమి. రెండు దినములు బాగుండి మరల మొదటికే వచ్చినది. సెప్టిక్ ట్యాంకు నిండినదని మేస్త్రి చెప్పుచున్నాడు. లారీ పట్టణమునుండి రావలెను, ఖర్చు ఎక్కువ. అందులో సగము సొమ్మునకే లోపలికి దిగి బకెట్టుతో ఎత్తిపోయుటకు ఒక మనిషి ఒప్పుకొన్నాడట. ఆతనినే పిలువుమని మా మామగారు అనుచున్నారు. నాకు మనసొప్పకున్నది. ఏమి చేయుదును?"

ఈ జాబులో రెండు ప్రశ్నలున్నవి. ఒకటి మన చేతితో తీరునది. రెండవది మన మనస్సాక్షితో తీరవలసినది. మొదటిదానిని ముందు చూతము.

దోషము ఎక్కడ నున్నదో తెలియక మందు వేయరాదు. ఇంటిలో ఒక్క తూము మాత్రమే మెల్లగా దిగుచున్నయెడల దోషము ఆ తూములోనే యున్నది. అన్ని తూములును ఒక్కసారి మొరాయించినయెడల దోషము వెలుపల నున్నది. అప్పుడు పెరటిలోని చాంబరు మూత తీసి చూడవలెను. లోపల నీరు లేక పొడిగా నున్నచో అడ్డము ఇంటికిని చాంబరునకును నడుమ నున్నది. నిండుగా నున్నచో దానికి అవతల నున్నది. ఈ చిన్న పరీక్షకు కాసైనను ఖర్చు కాదు. దీనిని చేయకుండ పనివానిని పిలుచుటచేతనే సగము సొమ్ము వృథా యగుచున్నది.

అడ్డము ఏల కలుగును? వంటయింటిలో ముఖ్యమైన శత్రువు జిడ్డు. వేడిగా నున్నప్పుడు నూనెయు నేయియు నీటివలె జారిపోవును. గొట్టములో చల్లారగానే గోడకు అంటుకొనును. ఆ జిడ్డును సంగటి గిన్నె కడిగిన మడ్డియు, అన్నపు మెతుకులును, కాఫీ పిప్పియు పట్టుకొనును. మన మదనపల్లె సీమ టమాటాలకు పేరుపడినది గదా! వాని తోలును గింజలును ఆ జిడ్డులో చేరి గట్టిపడును. స్నానపుగదిలో వెండ్రుకలు ఒకదాని నొకటి చుట్టుకొని వలవలె నిలుచును. మన ప్రాంతమున చాలచోట్ల బోరునీరు కఠినజలము. అందు సబ్బు సరిగా నురుగక తెల్లని మడ్డిగా మారి ఆ వలలో చిక్కుకొనును.

నా తప్పునొకటి చెప్పెదను. ఒక సంక్రాంతికి అరిసెలు వండిన పిమ్మట బాణలిలో మిగిలిన మురుగునూనెను తొట్టిలో పోసి, పైన నాలుగు చెంబుల నీరు కుమ్మరించి, పని యయిపోయినదని తలచితిని. కనుమనాటి ఉదయమునకు ఎంగిలినీరు వంటయింటి గచ్చుపైకి వచ్చినది. పండుగనాడు పనివాడు దొరకడు. పదిమంది చుట్టములు ఇంట నున్నారు. ఆనాటినుండి మా యింట మురుగునూనె ఒక డబ్బాలోనికే పోవుచున్నది. జిడ్డుగిన్నెను పాత కాగితముతో తుడిచిన తరువాతనే నీటికి తెత్తుము.

తొట్టిక్రింద గొట్టము వంకరగా నుండుట మీరు చూచియుందురు. ఆ వంకలో ఎల్లప్పుడు కొంచెము నీరు నిలిచి, క్రిందినుండి దుర్వాయువు రాకుండ తలుపువలె అడ్డగించును. ఇట్టి వంకను మరుగుదొడ్డికి అమర్చి 1775లో పేటెంటు పొందినవాడు లండనులో గడియారములు చేయు అలెగ్జాండర్ కమింగ్. స్నానపుగది గచ్చులోని నహాని ట్రాపులో నుండునదియు ఈ నీటితలుపే. వాడని గదిలో నీరు ఆవిరియై పోగా వాసన వచ్చును. దానికి మందేమియు అక్కఱలేదు. వారమున కొకసారి ఒక చెంబెడు నీరు పోసిన చాలును.

ఇక చికిత్సల వరుస. తక్కువ ఖర్చుతో మొదలిడి పైకి పోవలెను.

మొదట జల్లెడబిళ్లను ఎత్తి, చేతికి తొడుగు వేసికొని, పైన కనబడు వెండ్రుకలను మడ్డిని తీయుడు. స్నానపుగది తూములు చాలమట్టుకు ఇంతటితోనే బాగుపడును. వంటయింటి తూములో వేడినీరును, గిన్నెలు తోము సబ్బుద్రావణమును పోసిన లేతజిడ్డు కరగును. అయితే నేడు చాల ఇండ్లలో నున్నవి ప్లాస్టిక్ గొట్టములు; 60 డిగ్రీలకు మించిన వేడిని అవి ఎక్కువసేపు సహింపవు. కావున సలసల కాగు నీటిని గాని, వార్చిన గంజిని గాని నేరుగా పోయక, కొంత చల్లార్చి పోయవలెను.

రెండవది రబ్బరుగిన్నె గల కఱ్ఱ. దీనిని ప్లంజరు అందురు. వెల రెండుమూడువందల రూపాయలకు మించదు. తూముపై ఒక జానెడు నీరు నిలిపి, పక్క రంధ్రములను తడిగుడ్డతో మూసి, ఇరువదిసార్లు గట్టిగా నొక్కి లాగవలెను. నొక్కుటకంటె లాగుటయే అడ్డమును కదల్చును.

మూడవది తొట్టిక్రింది వంకను విప్పుట. క్రింద బకెట్టు నుంచి, చేతితోనే మరను త్రిప్పి తీసి, లోపలి మడ్డిని కడిగి మరల బిగింపవచ్చును. ఇది స్త్రీలు చేయరాని పనియేమియు గాదు. కుట్టుమిషను సూది మార్చుకొన నేర్చినవారికి ఇదియు వచ్చును.

నాలుగవది స్ప్రింగు తీగ. ఇది పొడవైన మెలికల తీగ. గొట్టములోనికి త్రిప్పుచు పంపిన అడ్డమును గ్రుచ్చి వెలుపలికి తెచ్చును. ప్లంబరును పిలువవలసినది సాధారణముగా ఇక్కడనే. ఆతనికి కూలి కొన్ని వందలలో నుండును. పని మొదలిడుటకు ముందే మూడు సంగతులు అడుగుడు: కూలి రాకకా, గంటకా, పని మొత్తమునకా? గచ్చు పగులగొట్టవలసివచ్చిన మరల పూడ్చు ఖర్చు ఎవరిది? వారములో మరల మూసికొనినచో ఊరక వచ్చి చూచునా? ఈ మూడింటికి జవాబు లేని బేరము తక్కువదిగా కనబడినను తక్కువది కాదు.

మాటిమాటికి ఒకేచోట అడ్డుపడుచున్నయెడల వాలు చాలలేదని గ్రహింపుడు. నాలుగంగుళముల గొట్టమునకు 40 అడుగులకు 1 అడుగు వాలు ఉండవలెనని ఇంజనీర్ల పాతలెక్క. ఇల్లు కట్టునప్పుడే మేస్త్రిని ఈ మాట అడిగినవారికి పిమ్మట చింత యుండదు.

అంగడిలో దొరకు పొడిని గూర్చి హెచ్చరింపవలసియున్నది. ఇట్టి పొడులలో సామాన్యముగా నుండునది కాస్టిక్ సోడా. అది జిడ్డును కరగించునుగాని నీరు తగిలినంతనే మిక్కిలి వేడెక్కును. చర్మమును, కన్నులను కాల్చును. అల్యూమినియపు పాత్రలను తినివేయును. దానిపై ఆమ్లమును ఎన్నడును పోయరాదు. బ్లీచింగు పొడితో ఆమ్లము కలిసినయెడల విషవాయువగు క్లోరిను పుట్టును. తలుపులు మూసిన స్నానపుగదిలో అది ప్రాణాపాయము. పొడి పోసిన తూములో వెంటనే ప్లంజరు నొక్కరాదు. నీరు ముఖముపై చిందును. పిల్లలకందని చోట తాళము వేసి యుంచుడు. ఇక వంటసోడాయు వినిగరును కలిపి పోయుమని పలువురు చెప్పుదురు. అది పొంగుటకు బాగుండును. రెండును ఒకదాని గుణము నొకటి చంపుకొనుటచేత గట్టి అడ్డమును తీయజాలదు.

ఇంతవరకు చేతితో తీరు పని. కలకడ సోదరి యింట రెండు తూములును ఒక్కసారి చెడినవి గనుక దోషము వెలుపలనే యున్నదనియు, మేస్త్రి మాట నిజమే కావచ్చుననియు తోచుచున్నది. సెప్టిక్ ట్యాంకును రెండు మూడు సంవత్సరముల కొకసారి తీయించుట మేలని నిపుణుల సలహా. మనము పదేండ్లు మఱచి, అది పొంగినదినమున తొందరపడుదుము. అడుగు మడ్డి పొంగి ఇంకుడుగుంతలోనికి పోయిన ఆ గుంతయు మూసికొని, ఖర్చు రెండింతలగును.

అమ్మా, ఇప్పుడు నీ రెండవ ప్రశ్న. ఆ మనిషిని దింపనీయకుము.

ఆ ట్యాంకులో గాలి మనము పీల్చు గాలి గాదు. మురిగిన మలమునుండి హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువు పుట్టును. అది కొంచెమున్నప్పుడు కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టును. ఎక్కువైనప్పుడు ముక్కునకు ఆ వాసన తెలియు శక్తియే పోవును. వాసన తగ్గినదని మనిషి ధైర్యము తెచ్చుకొను క్షణముననే మృత్యువు దగ్గర నుండును. మూత తీసి గంటసేపు ఉంచితిమిగదా యని కొంద రందురు. మడ్డిని కదల్చినప్పుడు అందణగియున్న వాయువు ఒక్కసారి పైకి వచ్చును. ఒకడు పడిపోగా కాపాడుటకు రెండవవాడు దిగును; వానికై మూడవవాడు దిగును. అన్నదమ్ములు, తండ్రికొడుకులు ఇట్లు ఒకే గుంతలో పోయిన వార్తలు మనము పత్రికలలో చదువుచునే యున్నాము. దీపము దింపి చూచుటయు ప్రమాదమే. అందుండు మీథేను వాయువు మండును.

చట్టమును మామగారికి తెలియజెప్పుము. రక్షణసాధనములును తగిన జాగ్రత్తలును లేకుండ సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపరాదని 2013నాటి చట్టము ఏ వ్యక్తినైనను, ఏ సంస్థనైనను నిషేధించుచున్నది. ఇంటి యజమానికిని మినహాయింపు లేదు. మొదటి తప్పునకు రెండేండ్లవఱకు కారాగారము గాని, రెండు లక్షల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇట్లు మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు పదిలక్షల రూపాయలు ఇయ్యవలెనని సుప్రీముకోర్టు 2014లో తీర్పు చెప్పినది. 2023లో ఆ మొత్తమును ముప్పదిలక్షలు చేసినది.

ఈ తీర్పుల వెనుక నున్న పోరాటమున మన తెలుగుబిడ్డ యొకడు ముఖ్యుడు. మన కుప్పమునకు అనతిదూరమున, కర్ణాటకమున, కోలారు బంగారుగను లున్నవి. ఆ గనులు 2001లో మూతబడినవి. బంగారము త్రవ్విన ఆ యూరిలో దొడ్లను చేతితో శుభ్రపఱచు తెలుగు కుటుంబములుండెడివి. అట్టి కుటుంబమున 1966లో పుట్టినవాడు బెజవాడ విల్సన్. తనవారి చేతినుండి ఆ చీపురును బకెట్టును తప్పించవలెనని ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్ అను సంస్థను నడపుచు దేశమంతట తిరిగెను. ఆ సంస్థ 2003లో వేసిన వ్యాజ్యముపైననే 2014నాటి తీర్పు వచ్చినది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. మన ఇరుగున పుట్టిన ఉద్యమము లోకమునకు తెలిసినది. మన పెరటికి తెలియకున్న సిగ్గు గాదా?

యంత్రములు లేవనియు అనరాదు. ఇరుకువీథులలో పోగల చిన్న జెట్టింగు యంత్రములను హైదరాబాదు జలమండలి 2017లోనే ప్రవేశపెట్టినది. మన ప్రాంతమునకు మదనపల్లె, పీలేరు, రాయచోటి వంటి పట్టణములనుండి పీల్చు లారీలు రప్పింపవచ్చును. ఖర్చు వేలలో నుండుట నిజమే. దానిలో పెద్దభాగము దూరమునకే పోవును గనుక, వీథిలోని నాలుగైదు ఇండ్లవారు కలిసి ఒకే దినమున పిలిపించినచో ఒక్కొక్కరికి భారము తగ్గును. ట్యాంకు కొలత, గొట్టము పొడవు, ఎన్నిసార్లు నింపవలసివచ్చునను లెక్క ముందే చెప్పి బేరమాడుము. తీసినదానిని ఎక్కడ పోయుదురని అడుగుట మఱవకుము. అది చెరువులోనో వాగులోనో పడినచో మరల మన బిందెలోనికే వచ్చును. ట్యాంకును ఫినాయిలుతో కడిగింపవలదు. అడుగున కొంచెము మడ్డి మిగిలిననే అందలి సూక్ష్మజీవులు తమ పనిని మరల సాగించును. మూత భద్రముగా వేయించి, పిల్లలను అటు పోనీయకుము.

ఖర్చు బాధింపకుండుటకు ఒక ఉపాయము చెప్పెదను. రెండున్నరయేండ్ల కొకసారి లారీ రావలెననుకొని, ఆ మొత్తమును ముప్పది భాగములు చేసి, నెలకొక భాగము పోపుడబ్బాలో వేయుచు రమ్ము. మూడువేలైనను నెలకు నూరు రూపాయలే. దినమునకు మూడున్నర రూపాయలైనను కాదు.

ఆ మనిషికి పని లేకుండ చేయుచున్నానేమో యని నీవు సంకోచింపవలదు. లారీతో వచ్చు పనికో, చాంబరులు పైనుండి కడుగుటకో, ఇంకుడుగుంత త్రవ్వుటకో ఆతనిని పిలిచి న్యాయమైన కూలి నిమ్ము. ఆతనికిని ఇంట ఎదురుచూచు ఇల్లాలు ఉండును. సాయంకాలము ఆమె వాకిట నిలిచి చూచునప్పుడు ఆతడు నడిచి వచ్చుట మనచేతిలో నున్నది.

మామగారితో వాదింపవలదు. భోజనమైన తరువాత, ఆయన తీరికగా నున్నప్పుడు, ఈ పుటను చదివి వినిపింపుము. ఏమనిరో నాకు వ్రాయుము.