టేపు ఉంది.. ఆడించే కెమెరా ఏది?

2000 నుంచి 2010 మధ్య జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో పెళ్లయినవాళ్ల ఇంట్లో ఒకసారి బీరువా వెతకండి. ఆల్బమ్ పక్కన అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద క్యాసెట్ కనిపిస్తే అది మినీ డీవీ టేపు. ‘సీడీ ఉంది కదా, ఇదెందుకు’ అని పారేయకండి. సీడీలో ఉన్నది స్టూడియోవాళ్లు కత్తిరించి, పూల ఎఫెక్టులు పెట్టి, సినిమా పాట కలిపిన పెళ్లి. టేపులో ఉన్నది అసలు పెళ్లి. ఎదుర్కోళ్లలో మేనత్తల పరాచికాలు, అప్పగింతల్లో నాయనమ్మ ఏడుస్తూ అన్న మాటలు, బరాత్‌లో బాపు స్టెప్పులు.. పాట కింద మునిగిపోయిన గొంతులన్నీ అందులోనే ఉంటాయి.

పెళ్లిళ్లే కాదు. జనగామ జిల్లా మాణిక్యాపురం ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య 2017లో చనిపోయారు. ఆయన కథ చెప్పిన ఊళ్లో ఎవరైనా హ్యాండీక్యామ్ పట్టుకున్నారేమో! 2010 మే 28న మానుకోట రైల్వే స్టేషన్ దగ్గర, 2011 సకల జనుల సమ్మెలో భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర ఎవరైనా కెమెరా తిప్పారేమో! అట్లాంటి టేపు మీ దగ్గరుంటే అది మీ ఇంటి జ్ఞాపకమే కాదు, జిల్లా చరిత్ర.

టేపు మంచిగ దాచామని నిశ్చింతగా ఉంటే సరిపోదు. ఆడించే కెమెరాలు కొత్తవి తయారు కావట్లేదు. ఉన్నవాటిలో హెడ్డు అరుగుతోంది, బెల్టు సాగుతోంది. కెమెరా పోతే టేపు ఉన్నా లేనట్టే.

ఇక పని సంగతి. చాలామంది టీవీలో ఆడించి ఫోన్‌తో షూట్ చేస్తారు. ఇంకొందరు ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుకు చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం తగిలిస్తారు. రెండింటిలోనూ మీకు దక్కేది నకలుకు నకలే. మినీ డీవీ టేపులో ఉన్నది ముందే డిజిటల్ డేటా. దాన్ని మళ్లీ రికార్డ్ చేయక్కర్లేదు, ఉన్నదున్నట్టు కాపీ చేయాలి. షూట్ చేసిన తేదీ, టైమ్ కూడా ఆ డేటాలోనే ఉంటాయి. తెరను షూట్ చేస్తే అవి పోతాయి.

దానికి కావాల్సింది ఫైర్‌వైర్. కెమెరా మీద ‘డీవీ’ అనో, ‘ఐ.లింక్’ అనో రాసి ఉన్న చిన్న రంధ్రం అదే. పక్కనున్న యూఎస్‌బీ పోర్టు చాలా మోడళ్లలో ఫొటోల కోసమే. ఆన్‌లైన్‌లో దొరికే ‘ఫైర్‌వైర్ టు యూఎస్‌బీ’ పిన్నులు కొనకండి, వాటితో డీవీ వీడియో రాదు. ఫైర్‌వైర్ పోర్టున్న పాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి, లేదా డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించండి. ఆపిల్ తన 2025 మ్యాక్ ఓఎస్‌లో ఫైర్‌వైర్ సపోర్టే తీసేసింది. కాబట్టి పాత కంప్యూటర్‌ను తుక్కువాడికి ఇచ్చే ముందు ఆ పోర్టుందేమో చూడండి.

ముందుగా టేపు వెనకున్న చిన్న మీటను ‘సేవ్’ వైపు జరపండి, పొరపాటున దాని మీద రికార్డ్ కాకుండా. తర్వాత చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పండి. కెమెరాను ప్లే మోడ్‌లో పెట్టి విండోస్‌లో విన్‌డీవీ, లైనక్స్‌లో డీవీగ్రాబ్ వాడండి. రెండూ ఉచితమే. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగితే టేపు పాడైందని అప్పుడే అనుకోవద్దు. క్లీనింగ్ క్యాసెట్‌తో హెడ్డు తుడిచి మళ్లీ చూడండి.

గంట టేపుకు దాదాపు 13 జీబీ పడుతుంది. డిస్క్ ఫ్యాట్32లో ఉంటే ఫైలు 4 జీబీ దాటదు, అంటే 20 నిమిషాల్లోపే ఆగిపోతుంది. విండోస్‌లోనైతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టుకోండి. ఆ అసలు ఫైలును ముట్టుకోకుండా రెండుచోట్ల దాచండి. ఎడిటింగ్ కోసం హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4 కాపీ తీసుకోండి. కదిలే మనుషుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే అందులో ‘డీఇంటర్‌లేస్’ ఆన్ చేయండి. ఇక ఆ కాపీని ఫోన్‌లో ఎట్లా కావాలంటే అట్లా కట్ చేసుకోండి. రీల్స్ చేసుకుంటారో, స్టేటస్ పెట్టుకుంటారో మీ ఇష్టం.

ఈ కాపీలో తొందర కుదరదు. గంట టేపుకు గంట పడుతుంది. ఆ గంటసేపు అమ్మనో, నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. తేదీ టేపులో ఉంటుంది గానీ పేర్లు ఉండవు. ఎర్రచీర ఆవిడ ఎవరు, డప్పు కొడుతున్న తాత ఎవరు, ఆ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడు.. వాళ్లు చెబుతుంటే నిమిషం నంబరుతో సహా ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకోండి. కెమెరా ఏ స్టూడియోలోనైనా ఇంకొకటి దొరకొచ్చు. ఆ పేర్లు తెలిసినవాళ్లు మాత్రం మీ ఇంట్లోనే ఉన్నారు.