సర్వోకు ముందు తిండి, తరువాతే ఆజ్ఞ

సర్వో మోటారు తొలిపాఠం చెప్పే పుస్తకాలమీద నాకొక ఫిర్యాదు ఉంది మిత్రులారా. ఎర్ర తీగను ఆర్డుయినో బోర్డులోని 5 వోల్టుల రంధ్రంలో, గోధుమరంగు తీగను గ్రౌండులో, నారింజరంగు తీగను 9వ పిన్నులో గుచ్చమని బొమ్మ వేసి ఊరుకుంటారు. చిన్న సర్వో ఒక్కటే, మోయడానికి బరువేమీ లేకుండా ఉన్నంతవరకు అది పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

మా అక్కయ్య కొడుకు పాఠశాల ప్రదర్శనకోసం రైల్వే గేటు నమూనా చేశాడు. రెండు గేట్లు, రెండు ఎస్‌జి90 సర్వోలు. విడివిడిగా చక్కగా లేచేవి. రెండూ కలిసి లేవబోతే మాత్రం వణికి, ఆగి, మళ్ళీ మొదటికి వచ్చేవి. వాడు రాత్రంతా ప్రోగ్రామును తిరగరాశాడు. నేనూ మేనమామ పెద్దరికంతో, "కోడులోనే ఏదో తప్పుంది, మళ్ళీ చూడరా" అన్నాను. తెల్లవారేసరికి వాడు "నాకిది చేతకాదులే మామయ్యా" అని లేచిపోయాడు.

కోడులో ఏ తప్పూ లేదు. ఆజ్ఞ వెళ్ళేది నారింజ తీగ వెంట. సెకనుకు 50 స్పందనలు, ఒక్కొక్కటి సుమారు 1 నుంచి 2 మిల్లీసెకన్లు. ఆ వెడల్పును బట్టే కోణం. దానికయ్యే కరెంటు లెక్కలోనికి రాదు. కదిలించే భారమంతా ఎర్ర తీగది. తొమ్మిది గ్రాముల ఆ మోటారు కదలబోయే క్షణాన, లేదా దాని చేయి ఎక్కడైనా ఇరుక్కుంటే, అర ఆంపియరుకు పైగా లాగగలదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇస్తానని మాటిచ్చేదే 500 మిల్లీఆంపియర్లు. రెండూ ఒకేసారి లాగితే వోల్టేజి కుంగుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, లేచీ లేవగానే ప్రోగ్రాము మళ్ళీ మోటార్లను కదలమంటుంది. ఆ వణుకుకు అంతమెక్కడిది?

మందు సులువే. నాలుగు రీఛార్జబుల్ పెన్సిల్ సెల్లులు వరుసగా కలిపితే 4.8 వోల్టులు. అవి సర్వోలకు మాత్రమే. సెల్లుల రుణధ్రువాన్ని బోర్డు గ్రౌండుతో తప్పక కలపాలి. లేకుంటే ఆజ్ఞను దేనితో పోల్చి చదవాలో సర్వోకు తెలియదు. ఆ చదరపు 9 వోల్టుల బ్యాటరీ జోలికి వెళ్ళవద్దు. వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ, రెండు విధాలా చెరుపే.

రెండు సప్లైలు చూపిస్తే పిల్లలు బెదురుతారని కొందరంటారు. బెదురుతారేమో, ఒక పూట. మనం మాత్రం కోడు రాయడమే విద్య, కరెంటు లెక్క మెకానిక్కుల పని అన్న చిన్నచూపుతో ఆ పేజీ దాటవేస్తున్నాము.

మొన్న వాడికి సెల్లుల పెట్టె కొనిచ్చాను. ప్రదర్శన ఎప్పుడో అయిపోయింది. వాడింకా దాని కవరు విప్పలేదు.