సీక్వోయా: ఏడేళ్లు ఎవరి కంటా పడని లోపం

లినక్స్ కెర్నల్‌లోని ఫైల్ సిస్టమ్ విభాగంలో తీవ్రమైన భద్రతా లోపం ఉన్నట్లు క్వాలిస్ సంస్థ పరిశోధకులు 2021 జులై 20న వెల్లడించారు. ‘సీక్వోయా’గా పేరుపడిన ఈ లోపం 2014 నుంచీ కెర్నల్‌లో ఉంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరాలపై దీని ప్రభావాన్ని వారు నిరూపించారు.

మూలం చూస్తే చిన్న పొరపాటే. 64 బిట్ల సంఖ్యగా ఉన్న బఫర్ పరిమాణాన్ని కోడ్ మరో ఫంక్షన్‌కు 32 బిట్ల సంఖ్యగా అందించింది. పరిమాణం 2 గిగాబైట్లకు చేరితే ఆ సంఖ్య రుణాత్మకమవుతుంది. మొత్తం పొడవు ఒక గిగాబైటు దాటేలా డైరెక్టరీలను ఒకదానిలో ఒకటి సృష్టించి, మౌంట్ చేసి, తొలగించి, ఆపై మౌంట్ల వివరాల ఫైలును చదివితే కెర్నల్ హద్దు దాటి 10 బైట్లు రాస్తుంది. ఆ 10 బైట్ల ఆధారంగా సాధారణ వినియోగదారు రూట్ అధికారం దక్కించుకోగలడు.

దాడికి ముందుగా ఆ యంత్రంలో ఖాతా ఉండాలన్నది కొంత ఊరట. అయితే పలువురు పంచుకునే సర్వర్లలో ఆ ఊరట స్వల్పమే.

అందరికీ కనిపించే కోడ్‌లోనూ లోపం ఏడేళ్లు దాగింది. హద్దుల తనిఖీని సీ భాష ప్రోగ్రామర్‌కే వదిలేస్తుంది. ఇటువంటి మార్పిడిని రస్ట్ భాష మౌనంగా అనుమతించదు. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో రస్ట్‌కు ప్రాథమిక మద్దతు లభించినా, పాత సీ కోడ్ అలాగే ఉంది.

సీ-డాక్ రూపొందించిన బాస్ సైతం డెబియన్ ఆధారితమే. కనుక సవరణ విడుదలతో పని పూర్తయినట్లు కాదు. అది ప్రతి యంత్రానికీ చేరినప్పుడే రక్షణ.