హాజరుపట్టీలో లేని బిడ్డలు



సంచికకు వ్యాసము వ్రాయువారందరును పూర్వచరిత్రతో ఆరంభించుట మన ఆచారము. నేనును దానిని తప్పను. పదునారవ శతాబ్దమున విశ్వనాథ నాయకుడు మధుర రాజ్యమును స్థాపించుటయు, 1623 మొదలు 1659 వరకు తిరుమల నాయకుడు ఏలుటయు, అతడు కట్టించిన మహలు నేటికిని నిలిచియుండుటయు, రాణీ మంగమ్మ బాటసారులకై సత్రములు కట్టించుటయు మనమెల్లరము ఎరిగినవే. దక్షిణదేశమున తెలుగు వచనము ఎట్లు వికసించెనో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని జైమినిభారతము చెప్పుచున్నది. కోయంబత్తూరున 1932 లో పైకారా విద్యుత్తు వచ్చిన పిమ్మట నూలుమిల్లులు పెరుగుటలో మనవారి చేయి ఎంతటిదో ఆ ఊరిలో అందరికిని తెలియును. ఇవన్నియు నిజములు. చెప్పుకొనుటలో తప్పు లేదు. కాని ఏటేట ఇవియే చెప్పుకొని, ఒకరి భుజముపై ఒకరము శాలువ కప్పుకొని, పులిహోర తిని ఇంటికి పోవుటయే సంస్కృతి యగునా యని నా ప్రశ్న.

నేను పండితుడను కాను. పాత ఎస్.ఎస్.ఎల్.సి. తో చదువు ముగించి, ఒక నూలుమిల్లు కార్యాలయములో ముప్పది నాలుగేండ్లు హాజరుపట్టీ వ్రాసి విశ్రాంతి పొందినవాడను. ఆ పనిలో నేను నేర్చినది ఒక్కటే. వచ్చినవారిని లెక్కపెట్టుట సులభము. రానివారెవరో, ఏల రాలేదో కనుగొనుటయే గుమాస్తా పని. మూడు దినములు వరుసగా గీత పడిన పేరును చూచియు ఊరకుండు గుమాస్తా జీతము తినుటకు అర్హుడు కాడు. ఆ అలవాటుచేత మన ఉగాది సభలలోను నా కన్ను ఖాళీ కుర్చీలపైననే పడుచుండును. సభ్యుల పుస్తకములో పేరుండి, చందా తప్పక చెల్లించుచు, సభకు మాత్రము రాని కుటుంబములు కొన్ని గలవు. ఏల రారని అడిగి చూచితిని. వారిలో కొందరి ఇండ్లలో ఆటిజము గల బిడ్డ యున్నాడు. అట్టి ఇండ్లలో మా ఇల్లును ఒకటి.

నా కూతురి కొడుకునకు ఇప్పుడు తొమ్మిదేండ్లు. నాలుగేండ్ల క్రిందట ఒక సంఘమువారి ఉగాది సభకు వానిని తీసికొనిపోతిమి. ఏ సంఘమో చెప్పను. చెప్పవలసిన పనియు లేదు. ఏ సంఘమందైనను అట్లే జరిగియుండును. నిలువెత్తు లౌడుస్పీకర్లు రెండు ఒక్కసారిగా మ్రోగినవి. బిడ్డ చెవులు రెండును మూసికొని నేలపై కూలబడి అరవసాగెను. వానికది అల్లరి కాదు, బాధ. నిర్వాహకులలో ఒకరు వచ్చి, మర్యాదగానే, "అయ్యా, ముఖ్య అతిథి వచ్చు వేళ యైనది. బాబును కొంచెము వెలుపలికి తీసికొనిపొండి" అనిరి. లౌడుస్పీకరును కొంచెము తగ్గింపవచ్చునని ఎవరికిని తోచలేదు. వెనుక వరుసలో ఒక పెద్దమ్మ, "కన్నతల్లి సరిగా పెంచకున్న ఇంతే" అన్నది. నా కూతురు విన్నది. బిడ్డ నెత్తుకొని వెలుపలికి నడచినది. ఆటోలో, "నాయనా, ఇక నన్ను పిలువవద్దు" అని మాత్రము అన్నది. నాటినుండి ఆమె పేరెదుట గీతయే.

ఆ పెద్దమ్మ మాట క్రొత్తది కాదు. ఆమెకు తెలియదు గాని, ఒకప్పుడు గొప్ప వైద్యులును ఆ మాటయే అనిరి. 1943 లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి ఈ స్థితిని గురించి వ్రాసెను. తరువాత చాలకాలము, తల్లి ప్రేమ చల్లబడుటచేతనే బిడ్డ ఇట్లగునని చెప్పి ఎందరో తల్లులను దోషులుగా నిలిపిరి. 1964 లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను ఆయన, తానును అట్టి బిడ్డకు తండ్రి యగుటచే పట్టుదలతో చదివి, ఇది పెంపకపు దోషము కాదు, మెదడు ఎదుగుదలకు సంబంధించినదని గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. నేటి శాస్త్రము తల్లిని నిర్దోషి యనుచున్నది; ఇందు జన్యువుల పాత్ర అధికమని చెప్పుచున్నది. టీకాలవలన వచ్చునని 1998 లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వ్యాసమును ఆ పత్రికయే 2010 లో ఉపసంహరించుకొనెను. పరదేశీయులు విప్పి పారవేసిన చొక్కాను మనమింకను తొడుగుకొని తిరుగుట ఏమి గౌరవము? పూర్వజన్మకర్మమనియు, సర్పదోషమనియు, కోడలి పుట్టినింటి వంశదోషమనియు దానికి మన రంగు అద్దుకొంటిమి. భేదమంతే.

పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకుండుట, కావలసినదానిని వ్రేలితో చూపకుండుట, కన్నులలోనికి చూడకుండుట, విన్న మాటనే మరల మరల పలుకుట, దినచర్యలో చిన్న మార్పునకే తల్లడిల్లుట, శబ్దమును వెలుగును ఓర్వలేకుండుట - ఇవి ఆటిజము గుర్తులలో కొన్ని. అందరిలో అన్నియు నుండవు. ఒకరికి మాటయే రాదు. మరియొకరు లెక్కలలో మనలను మించుదురు. దీనిని మాన్పు మందు లేదు. కాని రెండు మూడేండ్ల వయస్సుననే గుర్తించి, ఓర్పుతో మాటయు పనియు నేర్పినచో ఎందరో బిడ్డలు ముందుకు వత్తురు. అట్టి వేళ మనవారు చెప్పు మాట యేమి? "మగపిల్లలకు మాట ఆలస్యము. వాని తాతకును ఐదేండ్లకు గాని మాట రాలేదు." ఈ ఓదార్పు వలన మా ఇంట రెండేండ్లు వృథాయైనవి. ఆ మాట చెప్పిన తాతను నేనే. ఈ వ్యాసములో నిందింపబడువారిలో మొదటివాడను నేనని ఒప్పుకొనుచున్నాను.

ఆలస్యము వెనుక సిగ్గు, సిగ్గు వెనుక దాపరికము. దాపరికము ఎంతదూరము పోవునో రామనాథపురము జిల్లా ఏర్వాడిలో చూచితిమి. 2001 ఆగస్టు 6 న అచ్చటి ఒక ఆశ్రయగృహములో గొలుసులతో కట్టబడిన మానసిక రోగులు 28 మంది అగ్నికి ఆహుతియైరి. ఆటిజము మానసికరోగము కాదు. రెంటిని ఒకటి చేయుట నా ఉద్దేశము కాదు. కాని ఇంటివారు లోకమునకు వెరచియో, వేరు దారి లేకయో, తమవారిని కంటికి కనబడని చోట విడిచివచ్చు స్థితి ఎట్లుండునో ఆ దుర్ఘటన చెప్పినది. గొలుసు ఇనుపదే కానక్కరలేదు. "నలుగురు ఏమనుకొందురో" అన్న మాటయు గొలుసే. ఆ నలుగురము మనమే.

ఇక ఆక్షేపణలకు వత్తును. ఇది వైద్యుల పని, ప్రభుత్వము పని, సాంస్కృతిక సంఘమునకేమి సంబంధమని కొందరందురు. ప్రభుత్వము చేయవలసినది కొంత చేసినది. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో చేరినది. 2016 నాటి చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చి, 21 విధముల వైకల్యములలో దీనిని లెక్కించినది. నూటికి నలుబది పాళ్లకు తక్కువ కాని వైకల్యమని ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 ఏండ్లు మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. పదునెనిమిది నిండిన పిమ్మట సంరక్షకుని నియామకమునకై జిల్లా కలెక్టరు ఉండు స్థానిక సమితికి దరఖాస్తు చేయవచ్చును. నిరామయ అను ఆరోగ్యబీమా పథకము 1 లక్ష రూపాయల వరకు కలదు. మంచిదే. కాని మగ్గముపై బ్రతుకు ఇంటి ఇల్లాలికి ఈ సంగతులు ఎవరు చెప్పుదురు? ఆంగ్లములోనున్న ఫారము ఎవరు నింపుదురు? ఆసుపత్రి వరుసలో ఆమె బిడ్డ అరచినప్పుడు ప్రక్కన ఎవరు నిలుతురు? మన సంఘములలో నావంటి విశ్రాంత గుమాస్తాలకు కొదవ లేదు. జీవితమంతయు ఫారములే నింపితిమి. మిగిలిన ఆయువును పత్రికల తప్పులు దిద్దుటలో గడుపుటకంటె ఇది మేలు కాదా?

మరియొక సంగతి. 1962 లో ఇంగ్లండులో ఆటిజము గల పిల్లలకై సంఘము స్థాపించినవారు ఆ పిల్లల తల్లిదండ్రులు. 1991 లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజమ్ సంస్థను స్థాపించిన మెర్రీ బరువా ఒక తల్లి. ముందుగా కదలినవారు ఇంటివారు. చట్టములు వారి వెనుక వచ్చినవి. కావున "ప్రభుత్వము చూచుకొనును" అనుట చరిత్ర తెలియనివారి మాట.

రెండవ ఆక్షేపణ: "మన సంఘము తెలుగు భాషకై పుట్టినది." అట్లయిన సంబంధము మరింత హెచ్చు. మన ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, పాఠశాలలో తమిళమును ఆంగ్లమును. 2006 నాటి చట్టము వలన తమిళము చదువుట మన పిల్లలకును విధి యైనది. చదువవలసినదే, మనకు అన్నము పెట్టిన నేల భాష అది. కాని మాట రాని బిడ్డను చూపబోయిన మాకు ఒకచోట వచ్చిన సలహా వినుడు: "ఇంటిలో ఒక్క భాషయే మాటలాడుడు. తెలుగు మానివేయుడు." భయపడి మానివేసితిమి. బజారునకు సరిపోవు తమిళము మాత్రమే వచ్చిన నా భార్య మనుమని యెదుట ఒక సంవత్సరము మూగయైనది. జోలపాట ఆగిపోయినది. రెండు భాషల ఇంట పెరిగినంతమాత్రమున ఆటిజము గల బిడ్డ మాట మరింత వెనుకబడదని పరిశోధకులు పలుమారులు చూపియున్నారని, మరియొక శిక్షకురాలు చెప్పువరకు మాకు తెలియదు. మరల జోల మొదలైన కొన్ని మాసములకు వాడు "అవ్వా, నీళ్లు" అనెను. ఇది జోల మహిమయని నేను చెప్పను. వాని కాలము వచ్చినది, వాడు పలికెను. కాని పలికినది తెలుగున. విని పరుగెత్తుటకు అవ్వ ప్రక్కనే యున్నది. తెలుగు పాఠశాలలు మూతపడుచున్నవని తీర్మానములు చేయు మనము, ఒక వంటింట తెలుగు మూతపడిన సంవత్సరమున ఎచ్చట నుంటిమి?

మూడవ ఆక్షేపణ ధనము. నేనడుగునది ధనము కాదు. సభలో లౌడుస్పీకరు శబ్దము సగమునకు తగ్గింపుడు. ముదుసలులును మిమ్ము దీవింతురు. ప్రక్కగదిలో ఒక చాపయు ఫ్యానును ఉంచి, అలసిన బిడ్డ అచ్చట కూర్చుండవచ్చునని ఆహ్వానపత్రములోనే అచ్చువేయింపుడు. కార్యక్రమ క్రమమును ముందుగా తెలుపుడు. తరువాత ఏమి జరుగునో తెలిసిన బిడ్డ నెమ్మదించును. భోజనమునకు ఆ కుటుంబములను మొదటి పంక్తిలో కూర్చుండబెట్టుడు. నెలకొక ఉదయము సంఘపు హాలును వారికిడుడు. తల్లులు ఒకరితో నొకరు మాటలాడుకొందురు. ఆ బిడ్డల అన్నలు అక్కలు తామొక్కరే కారని తెలిసికొందురు. సంబంధములు కుదుర్చు పెద్దలు, తమ్మునికి ఆటిజమని అక్క పెండ్లి చెడగొట్టు గుసగుసలను ఆ క్షణముననే ఖండింపుడు. వీనిలో దేనికి చందా కావలయును?

ఒకటి మాత్రము చేయకుడు. ఐక్యరాజ్యసమితి 2007 లో తీర్మానింపగా, 2008 నుండి ఏప్రిల్ 2 ఆటిజము దినముగా జరుగుచున్నది. అది మన ఉగాదికి దరిదాపుల వచ్చును. ఆ దినమున బిడ్డలను వేదికపై వరుసగా నిలిపి, బిస్కట్టు పొట్లములు పంచి, ఫోటో తీయించుకొను వేడుక వలదు. వారు మన దయకు ప్రదర్శనవస్తువులు కారు. వారికి కావలసినది సన్మానము కాదు, స్థానము.

మధురలో 1976 న, కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయిన డాక్టరు వెంకటస్వామి గారు పదునొకండు పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని ఆరంభించిరి. చూపు లేనివాడు ఆసుపత్రికి రాలేడు గనుక, వారు ఊరూరను శిబిరములు పెట్టి రోగి యొద్దకే పోయిరి. రానివానిని వెదకికొని పోవుట యనగా నిదియే. మంగమ్మ సత్రమును మనము పొగడుచున్నాము. ముక్కు మొగము తెలియని బాటసారికి చోటు పెట్టిన రాణి వంశకథలను చెప్పుకొనుచు, మన ఇంటి బిడ్డను వెలుపలికి పొమ్మనుట ఏ సంస్కృతి?

నాకు అరువది ఆరేండ్లు. నా కూతురు రాత్రులయందు నన్నడుగు ప్రశ్న ఒక్కటే: "నాయనా, మన తరువాత వీనికెవరు?" చట్టము చూపు సంరక్షకుడు సంతకము చేయును, అంతవరకే. పండుగనాడు వానిని పేరు పెట్టి పిలుచువారెవరని ఆమె అడుగుచున్నది. దానికి ఉత్తరము చెప్పవలసినది కచేరీ కాదు, మీరు.

వచ్చు ఉగాదికి సభ్యుల పుస్తకము తెరచి, రానివారి పేర్లు వ్రాసి, ఒక్కొక్క ఇంటికి పోవుటకు నేను సిద్ధముగా నున్నాను. నాతో నడుచుటకు నలుగురు కావలయును. "ఏమనుకొందురో" యని మేము భయపడిన ఆ నలుగురే వచ్చినచో మరియు సంతోషము.