గడ్డ ఉన్నంత మాత్రాన...

మా కాలేజీలో చదువుకున్న అమ్మాయి మొన్న స్కానింగు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్ళయి మూడేళ్ళు. గర్భసంచిలో గడ్డ ఉందట. సంచి తీయించేస్తే పీడ వదులుతుందని పక్కింటావిడ సలహా! "ఇక నాకు పిల్లలు పుట్టరా, మేడం?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను చెప్పేది తెలుగు పాఠాలేగాని వైద్యం కాదు. అయితే మా రెండోవాడు కడుపున పడ్డప్పుడు నాకూ ఇటువంటి గడ్డే కనిపించింది. వాడిప్పుడు ఇంటరు చదువుతున్నాడు.

ఈ గడ్డల్నే ఫైబ్రాయిడ్లంటారు. ఇవి క్యాన్సరు కావడం బహు అరుదు. ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, ఎక్కడుందన్నది ముఖ్యం. సంచి వెలుపలి వైపు ఉంటే సంతానానికి సాధారణంగా అడ్డు రాదు. లోపలికి పొడుచుకు వస్తేనే పిండం నిలవడం కష్టం. అటువంటిదాన్ని చాలాసార్లు పొట్ట కోయకుండా కింది నుంచే గొట్టం పంపి తీసేస్తారు. గోడ మధ్య ఉన్నవాటి విషయంలో డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు.

లండనులో విక్టర్ బొన్నీ అనే సర్జన్ ఉండేవాడు. ఈ గడ్డల మూలాన ఆయన భార్యకు గర్భసంచే తీసేశారు. వారికి పిల్లలు లేకపోయారు. గడ్డను మాత్రం తీసి సంచిని నిలిపే ఆపరేషను కోసం ఆయన 1953లో పోయేదాకా పాటుపడ్డాడు. ఆ ఆపరేషను ఇప్పుడు మన దగ్గరా చేస్తున్నారు. తర్వాత కొన్ని నెలలు ఆగి గర్భం ధరించాలి, అంతే.

"మీ ఆయనకూ పరీక్ష చేయించారా?" అన్నాను. తల వంచుకుంది. అత్తగారు ఒప్పుకోరట! ఆవిడతో నేను మాట్లాడతానన్నాను. సోమవారం ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళుతున్నారు.