బండల్ని కూడా ప్లానులో చూపించమనండి

హైదరాబాద్ నగరాభివృద్ధి అధికారులకు,

గోల్కొండ కోట గోడను దగ్గరగా చూడండి. చాలాచోట్ల పెద్ద బండలనే గోడలో కలిపేసుకున్నారు. గుట్ట ఎక్కడ ఆగిందో, కోట ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఇంత గొప్ప పనితనం మన ఊళ్లోనే ఉంది! ఆ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఇప్పుడు అద్దాల మేడలు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్‌ను ఇలాంటి మేడల సెల్లార్ల కోసం పేల్చేస్తున్నాం. అది మళ్లీ పుట్టదు.

అందుకే అనుమతికి వచ్చే ప్రతి భవన ప్లానులో బండలు, వాగులు, పల్లాలు, పెద్ద చెట్లు గుర్తించి తీరాలని నిబంధన పెట్టండి. అంతా చదును చేశాక మూలన పార్కు గీస్తే ఒప్పుకోకండి. ఉన్న గుట్టకు తగ్గట్టే ఇల్లు గీయమనండి. ఖాజాగూడలో మిగిలిన రాళ్లతోనే మొదలుపెట్టండి, ఈ ఏడాదే.

ఇట్లు,
ఒక నగరవాసి